చేత్తో కొడితే పోతుంది, రాత్రి పోదు

2006 ఆగస్టులో తాపీ నది సూరత్ ఊళ్లోకి వచ్చింది. ఎగువన వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న ఉకాయి డ్యాం నిండిపోతుండటంతో గేట్లు ఎత్తారు. వరద ముమ్మరంగా ఉన్న గంటల్లో కిందికి వదిలిన నీరు తొమ్మిది లక్షల క్యూసెక్కులు దాటింది. నగరంలో ఎక్కువ భాగం మునిగింది. మళ్లీ 2025 ఫిబ్రవరి చివర్లో రింగ్ రోడ్డు మీది శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్ అంటుకుని ఒక రోజుకు పైగా మండింది. వందల దుకాణాలు దెబ్బతిన్నాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బ్యాకప్ ఎక్కడ ఉండాలో దానంతటదే తేలుతుంది. గల్లాపెట్టె కింది అరలో దాచిన హార్డ్ డిస్క్ నిప్పంటుకుంటే అసలుతో పాటే పోతుంది. దాన్ని తీసుకెళ్లి పక్కపేటలో చుట్టాలింట్లో పెడితే నిప్పు నుంచి తప్పించుకోవచ్చు గానీ, 2006 లాంటి వరదొస్తే రెండిళ్లలోకీ వచ్చేవి ఒకే నీళ్లు. కాపీ ఉండాల్సింది ఇంకో ఊళ్లో, కుదిరితే ఇంకో నది ఒడ్డున.

సూరత్ తెలుగువాళ్లు ఆ ఇంకో ఊరి కోసం వెతుక్కోనక్కర్లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఈ ఊరికి వచ్చి మగ్గాల మీద, తర్వాత పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్నాయి. లింబాయత్ చుట్టుపక్కల వీధుల్లో తెలుగు వినిపించటం ఎంత మామూలంటే, సూరత్ మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఈ కుటుంబాల్లో కొన్నిటికి ఇప్పుడు మగ్గంతో పాటు ఇంకో రకం ఆస్తి ఉంది: చీరల డిజైన్ ఫైళ్లు, ఎంబ్రాయిడరీ మిషన్‌కు ఏ కుట్టు ఎక్కడ పడాలో చెప్పే పంచింగ్ ఫైళ్లు, డిజిటల్ ప్రింటింగ్‌కు పంపే బరువైన బొమ్మలు, పార్టీల ఖాతాలు. తాను తడిస్తే ఇంకో తాను నేయించుకోవచ్చు. పదేళ్ల డిజైన్లు పోతే ఎవరు గీసిస్తారు?

ఈ అధ్యాయానికి ఒక ఊహా ఆఫీసు పెట్టుకుందాం. లింబాయత్‌లో రెండు గదుల డిజైన్ ఆఫీసు. మూలన లినక్స్ మీద నడిచే ఒక కంప్యూటర్, డిజైన్లన్నీ అందులోనే. సిరిసిల్లలో యజమాని తమ్ముడి ఇంట్లో ఇంకో పాత కంప్యూటర్, పెద్ద డిస్కుతో. రోజూ రాత్రి రెండు గంటలకు సూరత్ నుంచి సిరిసిల్లకు ఆ రోజు మారిన ఫైళ్లు పోవాలి. ఏర్పాటు చేసింది యజమాని మేనల్లుడు. వారం తర్వాత అతను చెప్పే మాట, ఇలాంటి పని చేసిన వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు చెప్పిందే:

"నేను కొడితే పోతున్నది మామా. రాత్రి దానంతట అది పోతలేదు."

"పోకపోతే ఏం చెప్తున్నది మరి?"

"ఏం చెప్తలేదు. అదే బాధ."

ఈ మూడు మాటల్లోనే విషయమంతా ఉంది. కాకపోతే అక్కడికి చేరాలంటే ముందు ఆ రెండు యంత్రాలూ పాస్‌వర్డ్ లేకుండా ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడతాయో తెలియాలి.

ఫైళ్లను మోసే పని ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం చేస్తుంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకరాస్ 1996లో విడుదల చేశారు. రెండు వందల మెగాబైట్ల బొమ్మలో ఒక పువ్వు రంగు మారిస్తే మొత్తం బొమ్మను మళ్లీ పంపకుండా, ఫైలును చిన్న తునకలుగా చూసి, అవతలి యంత్రంలో ఉన్న తునకలతో లెక్కలు సరిపోల్చి, తేడా ఉన్నవాటినే పంపటం దాని తెలివి. దాని సంగతి అంతవరకు చాలు. అది తనంతట తాను రహస్యంగా ప్రయాణించదు. దాన్ని సురక్షితంగా తీసుకెళ్లే దారి ఎస్‌ఎస్‌హెచ్.

1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో రహస్యంగా కూర్చుని, తీగల వెంట పోతున్న పాస్‌వర్డ్‌లను ఏరుకున్నారు. అప్పట్లో దూరపు యంత్రంలోకి వెళ్లటానికి వాడే టెల్‌నెట్ లాంటి ప్రోగ్రాంలు పాస్‌వర్డ్‌ను ఏ ముసుగూ లేకుండా ఉన్నదున్నట్టు పంపేవి. అక్కడే పనిచేస్తున్న టాటు యులోనెన్ అనే పరిశోధకుడు ఆ ఏడాదే ఎస్‌ఎస్‌హెచ్ రాసి జులైలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఏడాది తిరక్కుండానే దాదాపు యాభై దేశాల్లో ఇరవై వేల మంది వాడుతున్నారు. దానికి దక్కిన పోర్టు నంబరు 22, ఫైల్ బదిలీకి వాడే 21కీ టెల్‌నెట్ వాడే 23కీ సరిగ్గా మధ్యన. తను తీసేయబోతున్న రెండింటి మధ్యా చోటు కావాలని యులోనెన్ అడిగి మరీ తీసుకున్నాడు. ఈరోజు ప్రపంచంలో ఎక్కువ సర్వర్లలో ఉండేది 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం తయారుచేసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్.

ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ కొట్టి కూడా లోపలికి వెళ్లవచ్చు. రాత్రి రెండింటికి ఆ పాస్‌వర్డ్ ఎవరు కొట్టాలి? దాన్ని స్క్రిప్టులోనే రాసి పెట్టేస్తే సరిపోతుందని కొందరు చేస్తారు. అది ఎంత చెడ్డ పనో చెప్పటానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు: ఆ స్క్రిప్టు చదవగలిగిన ప్రతివాడి చేతికీ పాస్‌వర్డ్ వచ్చినట్టే, పైగా అదే పాస్‌వర్డ్ ఇంకో నాలుగుచోట్ల వాడి ఉంటారు. కాబట్టి రహస్యం ప్రయాణించకుండానే 'నేనే' అని రుజువు చేసే దారి కావాలి.

సూరత్‌లో ఆంగడియాల గురించి తెలియనివాళ్లుండరు. వజ్రాల పొట్లాలనూ నగదునూ నమ్మకం మీద ఊరి నుంచి ఊరికి చేర్చే పాత వ్యవస్థ. ఇలాంటి చేతుల మీది లావాదేవీల్లో సొమ్ము అందుకునే మనిషిని గుర్తుపట్టటానికి ఒక పద్ధతి ఉంది: అతను తన జేబులోని ఒక నోటు నంబరు ముందే చెబుతాడు, ఆ నంబరు సొమ్ము ఇచ్చే ఆఫీసుకు చేరుతుంది, ఆ నోటు తెచ్చి చూపించినవాడికే సొమ్ము. నంబరు పదిమందికి తెలిసినా నష్టం లేదు, నోటు ఒకడి దగ్గరే ఉంది కనక. పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ అనే జంటలో సగం సంగతి ఇదే. సిరిసిల్ల యంత్రంలో పబ్లిక్ కీ ఉంటుంది, సూరత్ యంత్రంలో ప్రైవేట్ కీ. మిగతా సగం దగ్గరే గణితం ఆంగడియాను దాటిపోతుంది. నోటును కౌంటర్ మీద పెట్టి చూపించాలి. ఒకసారి చూపిస్తే దాని పని అయిపోయింది. ప్రైవేట్ కీని ఎవరికీ చూపించరు, ఎన్నిసార్లయినా వాడొచ్చు.

అదెలా సాధ్యం? కనెక్షన్ మొదలవగానే రెండు యంత్రాలూ కలిసి ఆ సంభాషణకు మాత్రమే చెల్లే ఒక గుర్తింపు సంఖ్య తయారుచేసుకుంటాయి. సూరత్ యంత్రం ఆ సంఖ్యనూ, తను ఎవరిగా లోపలికి రావాలనుకుంటోందో ఆ పేరునూ కలిపి, ప్రైవేట్ కీతో సంతకం చేసి పంపుతుంది. సిరిసిల్ల యంత్రం తన దగ్గరున్న పబ్లిక్ కీతో ఆ సంతకాన్ని సరిచూస్తుంది. పబ్లిక్ కీతో సరిచూడటం తేలిక. దాన్నుంచి ప్రైవేట్ కీని వెనక్కి లాగటం మాత్రం ఇప్పుడున్న కంప్యూటర్లకు సాధ్యం కాదు. మధ్యలో ఎవరైనా ఆ సంతకాన్ని దొంగిలించి రేపు వాడదామనుకున్నా పనికిరాదు, రేపటి సంభాషణకు గుర్తింపు సంఖ్య వేరు. సిరిసిల్ల కంప్యూటర్‌నే దొంగలెత్తుకుపోయినా వాళ్లకు దొరికేది పబ్లిక్ కీ, అంటే ఊరందరికీ చెప్పినా ఫరవాలేని నంబరు.

ఈ ఊహను విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ 1976లో ప్రచురించారు. ఏడాది తర్వాత రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ ముగ్గురూ వాళ్ల పేర్ల మీద ఆర్‌ఎస్‌ఏగా మిగిలిన పద్ధతి కనిపెట్టారు. బ్రిటన్ గూఢచార సంస్థలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్ ఇంతకన్నా ముందే ఇదే దారి కనుక్కున్నారని 1997లో గానీ బయటపడలేదు. అన్నాళ్లూ వాళ్లు నోరు మెదపటానికి వీల్లేకపోయింది. మన మేనల్లుడు వాడింది వీటన్నిటికన్నా కొత్తది, 2011లో డేనియల్ బెర్న్‌స్టైన్ బృందం రూపొందించిన ఈడీ25519. రెండును 255వ ఘాతానికి హెచ్చించి అందులోంచి 19 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య చుట్టూ అల్లిన లెక్క. పేరులోని అంకెలు అక్కడివే. పబ్లిక్ కీ 32 బైట్లే కాబట్టి అక్షరాల్లోకి మార్చి, ముందున్న గుర్తులతో కలిపి రాసినా 80 అక్షరాలు దాటదు. ఒక్క వరసలో సరిపోతుంది.

ఈ లెక్క తప్పటం వల్ల బ్యాకప్ ఆగిపోవటం మాత్రం దాదాపు ఎక్కడా జరగదు. కీలు మళ్లీ మళ్లీ కొత్తవి చేసుకుంటూ కూర్చునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా రాత్రులు నిద్రపోవచ్చు. తప్పు ఎప్పుడూ కీ చుట్టూ ఉంటుంది: ఆ ఫైలును ఎవరు ముట్టుకోగలరు, ఏ పేరుతో అడుగుతున్నారు, ఏ చోటి నుంచి అడుగుతున్నారు.

చేత్తో కొట్టినా పోని మొదటి రోజుల్లో మేనల్లుడికి తెర మీద కనిపించింది 'పర్మిషన్ డినైడ్' అనే రెండు ముక్కలు, పక్కన బ్రాకెట్లలో 'పబ్లిక్‌కీ'. ఎందుకు వద్దందో లేదు. ఇది ఆ ప్రోగ్రాం రాసినవాళ్ల బద్ధకం కాదు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఏ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మీదైనా ఎక్కడెక్కడి నుంచో యంత్రాలు రాత్రింబగళ్లు పేర్లూ పాస్‌వర్డ్‌లూ ప్రయత్నిస్తూనే ఉంటాయి. వాటికి 'ఈ పేరు లేదు', 'పేరుంది గానీ కీ తప్పు', 'కీ సరైందే గానీ ఫోల్డర్ పర్మిషన్ బాగోలేదు' అని విడమర్చి చెబితే ప్రతి జవాబూ దొంగకు ఒక మెట్టు అవుతుంది. అందుకని సర్వర్ బయటివాడికి ఒకే మాట చెప్పి, అసలు కారణాన్ని తన చిట్టాలో రాసుకుంటుంది. ఉబుంటు, పాత డెబియన్ యంత్రాల్లో అది ఆథ్ లాగ్ అనే ఫైలు. రెడ్ హ్యాట్ వంశం యంత్రాల్లో సెక్యూర్ అనే ఫైలు.

దీన్నిబట్టి ఒక పద్ధతి తేలుతుంది. సూరత్‌లో కూర్చుని ఎన్నిసార్లు కొట్టినా సూరత్ తెర మీద కారణం కనబడదు. సిరిసిల్లలో తమ్ముడికి ఫోన్ చేసి, ఆ చిట్టాలో చివరి పది వరసలు చదివించుకోవాలి. ఇటువైపు నుంచి కూడా కొంత తెలుసుకోవచ్చు: ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశం పక్కన మైనస్ వి అని పెడితే అది చేస్తున్న ప్రతి పనీ గొణుగుతూ పోతుంది. అందులో రెండు మాటలు వెతకాలి. 'ఆఫరింగ్ పబ్లిక్ కీ' అంటే ఇటు నుంచి ఫలానా కీ ఉందని అడిగింది. 'సర్వర్ యాక్సెప్ట్స్ కీ' అని దాని తర్వాత వస్తే అటువైపు అంతా సరిగ్గా ఉన్నట్టే, సంతకం పెట్టటంలోనే ఇటేదో చిక్కు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే చిక్కు సిరిసిల్లలో. మొదటిదే రాకపోతే ఆ కీని ఇటు యంత్రం చూడనే లేదు. సగం పేచీలు ఈ రెండు వాక్యాలతోనే ఏ ఊరివో తేలిపోతాయి.

సిరిసిల్ల చిట్టాలో చాలాసార్లు కనిపించే వాక్యం 'బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్' అంటుంది. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్ల సహజ స్వభావం ఇక్కడే ఎదురు తన్నుతుంది. ఏదైనా 'పర్మిషన్ డినైడ్' అంటే మనం చేసే మొదటి పని అన్ని పర్మిషన్లూ తెరిచేయటం. లినక్స్‌లో దానికి 777 అని ఒక మంత్రం ఉంది. చదవటానికి 4, రాయటానికి 2, నడపటానికి లేదా ఫోల్డర్‌లోకి అడుగుపెట్టటానికి 1; మూడూ కలిస్తే 7. మొదటి 7 సొంతదారుకు, రెండోది అతని గ్రూపుకు, మూడోది లోకమంతటికీ. హోమ్ ఫోల్డర్ మీద 777 కొట్టగానే అప్పటిదాకా ఏదో ఒక మాదిరిగా నడుస్తున్న కీ లాగిన్ పూర్తిగా ఆగిపోతుంది. అనుమతి ఎక్కువై 'అనుమతి లేదు' అనటం కొత్తవాళ్లకు వెర్రితనంలా కనిపిస్తుంది.

వెర్రితనం కాదు. సిరిసిల్ల యంత్రంలో లోపలికి రాగలవాళ్ల పబ్లిక్ కీలన్నీ 'ఆథరైజ్డ్ కీస్' అనే ఒక మామూలు ఫైల్లో, వరసకొకటి చొప్పున ఉంటాయి. ఆ ఫైల్లో ఒక వరస చేర్చగలిగినవాడు ఆ ఇంటివాడైపోయినట్టే. అందుకని సర్వర్ ఆ ఫైలును నమ్మేముందు, దీంట్లో సొంతదారు, యంత్రం మొత్తానికి అధికారి అయిన రూట్ తప్ప ఇంకెవరైనా రాయగలరా అని చూస్తుంది. రాయగలిగితే ఫైలునే పక్కన పెడుతుంది. అక్కడితో ఆగదు. ఫైలు భద్రంగానే ఉన్నా, అది ఉన్న ఫోల్డర్‌లో ఇంకొకడు రాయగలిగితే అతను పాత ఫైలు పేరు మార్చి తన ఫైలును అదే పేరుతో పెట్టేయగలడు. ఆ ఫోల్డర్ కూడా భద్రంగా ఉండి, దానిపైన హోమ్ ఫోల్డర్ తెరిచి ఉంటే ఫోల్డర్‌కు ఫోల్డరే మార్చేయగలడు. కాబట్టి పరీక్ష ఫైలు నుంచి మొదలై ఒక్కో మెట్టూ పైకెక్కి హోమ్ ఫోల్డర్ దాకా పోతుంది. సిరిసిల్లలో తమ్ముడు సినిమాలు దాచుకోటానికి ఇంట్లో అందరికీ ఆ హోమ్ ఫోల్డర్ తెరిచి పెట్టి ఉంటే చాలు, సూరత్ కీ ఎంత సరైనదైనా చెల్లదు. మందు: హోమ్ ఫోల్డర్‌లో బయటివాళ్ల రాతను తీసేయటం, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు 600 పెట్టటం, మూడింటికీ సొంతదారు ఆ యూజరేనా అని చూసుకోవటం. చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. రూట్‌గా ఉండి ఫోల్డర్ తయారుచేసి, పర్మిషన్లు సరిచేసి, అది రూట్ పేరు మీదే ఉండిపోయిందని చూడరు. అప్పుడు ఆ యూజర్ తరఫున సర్వర్ దాన్ని తెరవనే లేదు.

ఇదే అనుమానం సూరత్ వైపు కూడా ఉంది. ప్రైవేట్ కీ ఫైలును ఇంకెవరైనా చదవగలిగేలా ఉంటే, ఎస్‌ఎస్‌హెచ్ పెద్ద హెచ్చరిక పెట్టి ఆ కీని వాడనంటుంది. కీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అక్కణ్నుంచే వాడబోయినవాళ్లకు ఇది తగులుతుంది: పెన్‌డ్రైవ్‌ల ఫైల్ పద్ధతిలో లినక్స్ పర్మిషన్లకు చోటే లేదు, 600 చేసినా నిలవదు. ఇంకో తరహా ప్రమాదం వాట్సాప్‌లో కీ పంపుకోవటం. పబ్లిక్ కీ పంపటం తప్పు కాదు గానీ, అక్కణ్నుంచి కాపీ చేసి అతికించేటప్పుడు ఆ పొడవాటి వరస మధ్యలో విరిగి రెండు వరసలవుతుంది. సర్వర్‌కు అవి రెండు పనికిరాని కీలు. కంటికి మాత్రం అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

ఇవన్నీ చక్కబెట్టాక మేనల్లుడు ఆదేశం కొట్టాడు, ఫైళ్లు పోయాయి. రాత్రి పోలేదు.

రాత్రి రెండింటికి పని మొదలుపెట్టేది క్రాన్ అనే ప్రోగ్రాం. అది అదే కంప్యూటర్‌లో, అదే స్క్రిప్టును నడుపుతుంది గనక ఫలితం కూడా అదే రావాలని అనుకుంటాం. కంప్యూటర్ ఒకటే, అడిగే మనిషి వేరు. పగలు మేనల్లుడు తన పేరుతో లాగిన్ అయి ఉన్నాడు. క్రాన్ పనిని అతను రూట్ పట్టికలో రాశాడనుకోండి, రాత్రి అడిగేది రూట్. రూట్‌కు హోమ్ ఫోల్డర్ వేరు, అందులో ఈ కీ లేదు. ఎస్‌ఎస్‌హెచ్ తను వెతకాల్సిన హోమ్ ఫోల్డర్‌ను యూజర్ల జాబితాలో చూసుకుంటుంది, కాబట్టి లాగిన్ వాతావరణంలో హోమ్ అనే మాటను మార్చి మభ్యపెట్టడం కూడా కుదరదు. పైగా ఆదేశంలో అవతలి యూజర్ పేరు రాయకపోతే ఇటు ఏ పేరుతో నడుస్తోందో అటు కూడా అదే పేరడుగుతుంది. పగలు మేనల్లుడి పేరుతో సిరిసిల్ల తలుపు తట్టిన స్క్రిప్టు రాత్రి రూట్ పేరుతో తడుతుంది. సిరిసిల్ల చిట్టా తెరిచి రెండు గంటల ఒక నిమిషం దగ్గర ఏ పేరు రాసి ఉందో చూస్తే చాలు, ఊహించే పనే ఉండదు.

రెండోది ఏజెంట్ కథ. మేనల్లుడు బుద్ధిమంతుడు, కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టాడు. పొద్దున డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అవగానే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం ఆ కీని విప్పి జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. తర్వాత ఎన్నిసార్లు కొట్టినా పాస్‌ఫ్రేజ్ అడగదు; అతను దాన్ని పెట్టిన సంగతే మర్చిపోతాడు. ఏజెంట్ ఎక్కడుందో చెప్పే చిరునామా అతని లాగిన్ వాతావరణంలో ఒక చరరాశిగా ఉంటుంది. క్రాన్ దాదాపు ఖాళీ వాతావరణంలో పని మొదలుపెడుతుంది. ఆ చిరునామా దానికి తెలియదు. అందుకే రాత్రి పాస్‌ఫ్రేజ్ అడగాల్సి వస్తుంది, అడగటానికి తెర లేదు, ఓడిపోతుంది.

మూడోది అపరిచితుణ్ని చూసిన సంకోచం. కొత్త సర్వర్‌తో మొదటిసారి మాట్లాడేటప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ ఆ సర్వర్ సొంత కీ ముద్రను చూపించి, 'ఇతన్ని నమ్మమంటావా' అని అడుగుతుంది. అవునంటే 'నోన్ హోస్ట్స్' ఫైల్లో రాసుకుంటుంది. మేనల్లుడు ఎప్పుడో అవునన్నాడు. రూట్ ఎప్పుడూ అనలేదు. సిరిసిల్ల యంత్రాన్ని ఒకసారి ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించినా ఇదే గొడవ, ఈసారి ఇంకా పెద్ద హెచ్చరికతో. అప్పుడు పాత వరస తీసేసి కొత్తది ఒప్పుకోవటం సరైన పనే, కానీ ముందు తమ్ముడికి ఫోన్ చేసి అతని తెర మీద కనిపించే ముద్రతో సరిచూడాలి. ఈ పరీక్షనే శాశ్వతంగా ఆపేసే సలహాలు చాలాచోట్ల ఉచితంగా దొరుకుతాయి. అలా ఆపేస్తే, దారి మధ్యలో ఇంకో యంత్రం తనే సిరిసిల్లనని చెప్పుకుని డిజైన్లన్నీ తీసుకున్నా తెలియదు.

ఈ మూడింటినీ పగలే పట్టుకోవచ్చు. బ్యాచ్‌మోడ్ అనే ఎంపిక పెడితే ఎస్‌ఎస్‌హెచ్ ఎవరినీ ఏమీ అడగదు, అడగాల్సి వస్తే వెంటనే ఓడిపోయి కారణం చెబుతుంది. క్రాన్ ఏ యూజర్‌గా నడుపుతుందో ఆ యూజర్‌గా మారి, వాతావరణాన్ని ఖాళీ చేసి, ఆదేశంలో కీ ఫైలు పూర్తి దారినీ అవతలి యూజర్ పేరునూ రాసి, బ్యాచ్‌మోడ్‌తో కొడితే పట్టపగలే రాత్రి రెండు గంటలవుతుంది.

పాత యంత్రాల చిక్కు ఇంకొకటుంది, త్వరగా చెప్పేస్తాను. 2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి, ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత హాష్‌తో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను అడక్కుండానే తోసిపుచ్చుతుంది. కీ చెడ్డది కాదు, సంతకానికి వాడే హాష్ బలహీనమైంది. ఏళ్లనాటి బ్యాకప్ పెట్టె ఒకవైపు, కొత్తగా అప్‌డేట్ అయిన కంప్యూటర్ ఇంకోవైపు ఉంటే, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఒక రాత్రి బ్యాకప్ ఆగిపోతుంది. ఈడీ25519 కీకి మారితే చాలావరకు తీరుతుంది, ఆ పెట్టెకు అది తెలిసి ఉంటే. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోకి ఈ రకం 2014లోనే వచ్చింది కాబట్టి అంతకన్నా ముసలి పెట్టెలకే దిక్కు లేదు. వాటిలో డిజైన్లు దాచటం గురించి వేరే ఆలోచించుకోవాలి. ఇక కీలు కుప్పగా పోగేసుకునేవాళ్లకు తగిలేది: ఏజెంట్‌లో ఉన్న కీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంటే సర్వర్ మామూలుగా ఆరు ప్రయత్నాల దగ్గర విసుక్కుని తీగ తెంపేస్తుంది, ఏడోదే సరైన కీ అయినా సరే. ఫలానా కీ ఒక్కటే చూపించమని చెప్పటానికి 'ఐడెంటిటీస్ ఓన్లీ' అనే ఎంపిక ఉంది.

చివరికి రాత్రి కూడా పనిచేసే ఏర్పాటు ఏదంటే, బ్యాకప్ కోసం ప్రత్యేకంగా పాస్‌ఫ్రేజ్ లేని ఒక కీ. ఇక్కడ అసౌకర్యమైన నిజం ఒకటి ఒప్పుకోవాలి. ఆ కీ ఫైలు సూరత్ కంప్యూటర్‌లో విప్పి పెట్టి ఉన్నట్టే. ఆ కంప్యూటర్‌లోకి చొరబడినవాడికి సిరిసిల్ల కూడా తెరిచినట్టే. డిజైన్లన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ ముఠాలు మొదట వెతికేది బ్యాకప్‌నే. కాబట్టి ఆ కీ చేయగల పనిని సిరిసిల్ల వైపే కుదించాలి. ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఆ కీ వరస ముందు 'రిస్ట్రిక్ట్' అని రాస్తే దాంతో తెర తెరుచుకోవటం, వేరే దారులు మళ్లించుకోవటం లాంటివన్నీ బందవుతాయి. 'కమాండ్' అని రాసి ఒక్క ఆదేశం కట్టిపడేస్తే ఆ కీతో వచ్చినవాడు ఏమడిగినా అదే నడుస్తుంది. ఆర్‌సింక్‌తో పాటు వచ్చే ఆర్‌ఆర్‌సింక్ అనే చిన్న స్క్రిప్టు సరిగ్గా దీనికే, ఒక ఫోల్డర్‌కు మించి పోనివ్వదు. ఇంత చేసినా, ఉన్న కాపీ మీద చెడిపోయిన ఫైళ్లను రాసేయటాన్ని ఇది ఆపదు. సిరిసిల్ల యంత్రం ప్రతి పొద్దునా ఆ ఫోల్డర్‌ను తన సొంతంగా, సూరత్ కీకి అందని చోటుకు తేదీ వేసి దాచుకుంటేనే ఆ రక్షణ పూర్తవుతుంది.

దీనికన్నా మంచిది దిశ తిప్పటం అని నా అభిప్రాయం: సూరత్ తోయటం కాదు, సిరిసిల్ల వచ్చి లాక్కోవాలి. అప్పుడు సూరత్‌లో దొంగ పడ్డా అతని చేతికి సిరిసిల్ల కీ ఉండదు. ఆచరణలో అడ్డం వచ్చేది బ్రాడ్‌బ్యాండ్. మన ఇళ్లకూ దుకాణాలకూ వచ్చే కనెక్షన్లు చాలావాటికి బయటి నుంచి నేరుగా పిలవగల సొంత ఐపీ చిరునామా ఉండదు. ఒకే చిరునామాను కంపెనీ ఎంతోమందికి పంచుతుంది. ఏ వైపు ఆ చిరునామా ఉందో ఆ వైపే పిలుపు వెళ్లగలదు. తోయాలా లాక్కోవాలా అనేది చాలాసార్లు భద్రతా సూత్రాలు కాదు, నెల బిల్లు నిర్ణయిస్తుంది.

ఇక "ఏం చెప్తలేదు, అదే బాధ" అన్న మాట. క్రాన్ నిజానికి చెబుతుంది. పని ఓడిపోయి ఏదైనా గొణిగితే ఆ గొణుగుడును ఆ యంత్రంలోనే ఉన్న యూజర్ పోస్టుపెట్టెకు మెయిల్ చేస్తుంది. ఆ పెట్టెను ఎవరూ తెరవరు. చాలా కొత్త యంత్రాల్లో మెయిల్ పంపే ప్రోగ్రామే ఉండదు.

ఈ మౌనం చిన్న ఆఫీసుల జబ్బు మాత్రమే కాదు. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్ల కోడ్ భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో అలసిపోయిన ఒక ఇంజినీరు రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాబేస్ ఫోల్డర్‌ను తుడిచేశాడు. మూడు వందల గిగాబైట్ల దాకా పోయింది. బ్యాకప్‌ల కోసం వెళితే, రోజూ తయారవ్వాల్సిన కాపీలు అసలు లేనే లేవు. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉంటే బ్యాకప్ తీసే ప్రోగ్రాం 9.2 నడుస్తూ ప్రతి రాత్రీ ఓడిపోతోంది. ఓడిపోయిన ప్రతిసారీ క్రాన్ మెయిల్ పంపుతూనే ఉంది. ఆ మెయిళ్లకు పంపినవారి గుర్తింపు సంతకం సరిగ్గా లేకపోవటంతో అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. అంటే బ్యాకప్‌ను ఆపింది వెర్షన్ల తేడా, ఆ వార్తను ఆపింది ఇంకోచోటి గుర్తింపు తనిఖీ. చివరికి ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు వేరే పని కోసం చేత్తో తీసిన కాపీ వాళ్లను బయటపడేసింది. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు ఐదు వేల ప్రాజెక్టుల మార్పులు పోయాయి. సంస్థ ఈ వివరాలన్నిటినీ దాచకుండా బయటపెట్టింది. సర్వర్లు నడిపేవాళ్లు ఇప్పటికీ వాటిని తిరగేస్తుంటారు.

అందుకని లింబాయత్ ఆఫీసులో గంట మోగించే పనిని పంపేవాడికి అప్పగించకూడదు. ఓడిపోయిన యంత్రం తన ఓటమి గురించి సరిగ్గా చెబుతుందని నమ్మటం కష్టం. అది ఆగిపోయి ఉండొచ్చు, కరెంటే లేకపోవచ్చు. సిరిసిల్ల యంత్రం ప్రతి పొద్దునా తన దగ్గరికొచ్చిన ఫైళ్లలో అన్నిటికన్నా కొత్తదాని తేదీ చూస్తుంది. అది ఇరవై ఆరు గంటలకన్నా పాతదైతే తమ్ముడి ఫోన్‌కు సందేశం పంపుతుంది. ఆఫీసుకు సెలవున్న రోజు కూడా తేదీ మారాలి గనక, సూరత్ స్క్రిప్టు పంపే ముందు ఒక చిన్న ఫైల్లో అప్పటి తేదీ, సమయం రాసి దాన్ని కూడా కలిపి పంపుతుంది. నెలకోసారి మేనల్లుడు సిరిసిల్ల నుంచి ఏదో ఒక పంచింగ్ ఫైలును వెనక్కి తెప్పించి, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మిషన్ మీద ఒక బూటా కుట్టించి చూస్తాడు. ఫైలు పేరూ సైజూ సరిగ్గా ఉండి లోపల కుట్లు చెదిరిపోయి ఉండొచ్చు. దారం పడితే గానీ అది తెలియదు.